మూడంగుళాల ఆస్తి

కాస్త జోరున్న కారు చేతికొచ్చిన నెలా రెండు నెలలకే చాలామందికి ఒక కోరిక పుడుతుంది. బండి ఇంకొంచెం కిందికి దిగాలి, ఇంకొంచెం గట్టిపడాలి, మలుపులో ఒరగకూడదు. దుకాణానికి వెళితే ముందుగా కౌంటరు మీదికి వచ్చేది కూడా పొట్టి స్ప్రింగుల పెట్టే. రంగు వేసి నిగనిగలాడే ఆ నాలుగు స్ప్రింగుల్నీ ఒక్క పూటలో ఎక్కించేయొచ్చు. సాయంత్రానికి బండి 30, 40 మిల్లీమీటర్లు దిగి, టైరుకీ పైనున్న రేకుకీ మధ్య సందు మాయమై, పొంచి కూర్చున్న పులిలా కనిపిస్తుంది. ఈ పూట నేను చెప్పబోయేది దానికి ఎదురు మాట. మామూలు రోడ్ల మీద తిరిగే కారుకి స్ప్రింగులు మొదట కొనేవి కావు, కొంటే చివర కొనేవి. ముందు టైర్లు, తర్వాత అరిగిపోయిన రబ్బరు బుష్షులు, ఆ తర్వాత షాకబ్జార్బర్లు. ఎత్తు జోలికి మాత్రం వీలైనంతవరకు పోకూడదు. ఎందుకో లెక్కతో సహా చెబుతాను. కాగితం, కలం అక్కర్లేదు.

మాట గాల్లో తేలిపోకుండా ఒక బండిని ఎదురుగా పెట్టుకుందాం. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 2013లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 పీఎస్ శక్తి, బరువు సుమారు 1,100 కిలోలు. పుణె దగ్గరి చాకన్‌లో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో చేతులు మారుతున్న పోలోలన్నీ కొంత వయసు మీదపడినవే. ముందు చక్రాలకి మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు. స్ప్రింగూ షాకబ్జార్బరూ ఒకే స్తంభంగా నిలబడే ఈ అమరికకి ఫోర్డ్ కంపెనీలో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ పేరు వచ్చింది. 1950 నాటి ఇంగ్లండు ఫోర్డ్ కాన్సల్ కింద కూడా ఇదే ఉంది. వెనకాల రెండు చక్రాలనీ కలుపుతూ, అవసరమైనంత మెలితిరిగే ఒక దూలం, ట్విస్ట్ బీమ్. మన దగ్గర దొరికే జోరైన చిన్న కార్లలో చాలావాటి కింద ఉన్నది ఈ సామానే. పోలోకి చెప్పింది వాటికీ చాలావరకు సరిపోతుంది.

ముందు ఒరగడం సంగతి తేల్చుకోవాలి, అపోహంతా అక్కడే ఉంది. మలుపులో బండి బయటివైపుకి ఒరుగుతుంది కనక బరువు బయటి చక్రాల మీదికి పోతుందనీ, ఒరగకుండా ఆపితే బరువు పోవడం కూడా ఆగుతుందనీ అనుకుంటారు. కంటికి అలాగే కనిపిస్తుంది మరి. కానీ బయటి చక్రాల మీదికి ఎంత బరువు మారుతుందో నిర్ణయించేవి ప్రధానంగా నాలుగు సంగతులు: బండి బరువెంత, మలుపు ఎంత గట్టిగా తిప్పాం, భారకేంద్రం ఎంత ఎత్తున ఉంది, కుడి ఎడమ చక్రాల మధ్య ఎడమెంత. స్ప్రింగు గట్టిదనం ఈ జాబితాలో లేదు. మనిషితో కలిపి 1,200 కిలోల బండి, భారకేంద్రం నేలకి 54 సెంటీమీటర్ల పైన, చక్రాల మధ్య 146 సెంటీమీటర్లు అనుకోండి. బండి బరువులో పదింట ఎనిమిది వంతులంత బలం పక్కకి లాగేలా మలుపు తిప్పితే, మంచి రోడ్డు టైరు దాదాపు హద్దుకి చేరినట్టే, సుమారు 355 కిలోలు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారతాయి. ఇప్పుడు బండిని 30 మిల్లీమీటర్లు దించండి. 355 కాస్తా 335 అవుతుంది. మిగిలింది ఇరవై కిలోలు. పాతిక కిలోల బియ్యం బస్తా కూడా కాదు. భారకేంద్రం దించితే లాభమన్నది నిజమే, శాస్త్రంలో తప్పేమీ లేదు. ఆ లాభం ఎంతో తెలిశాక, దానికి ఏం ఇచ్చుకుంటున్నామో కూడా చూడాలి కదా.

ఇచ్చుకునేది చక్రం కదిలే చోటు. నిలబడి ఉన్న బండిలో ముందు చక్రం అక్కడి నుంచి పైకి ఇంకో 80 మిల్లీమీటర్లు వెళ్లగలదనుకుందాం. మూడంగుళాలు. అందులో చివరి 25 మిల్లీమీటర్లూ బంప్ స్టాప్ అనే నురగలాంటి ప్లాస్టిక్ దిండుకి పోతాయి, ఇనుము ఇనుముని కొట్టుకోకుండా. మిగిలిన 55 మిల్లీమీటర్లే స్ప్రింగు స్వేచ్ఛగా ఆడే చోటు. ఇందాకటి మలుపులోనే బండి నాలుగు డిగ్రీలు ఒరిగితే బయటి చక్రం సుమారు 51 మిల్లీమీటర్లు లోపలికి నొక్కుకుంటుంది. అంటే కంపెనీ ఇచ్చిన ఎత్తులో దిండు తగిలీ తగలకుండా సరిపోయింది. అదే బండిని 35 మిల్లీమీటర్లు దించితే స్వేచ్ఛగా ఆడే చోటు 20 మిల్లీమీటర్లకి వచ్చేస్తుంది. గట్టి స్ప్రింగు వేశాం కదా, ఒరగడం మూడు డిగ్రీల పైచిలుకుకి తగ్గిందనుకోండి, అప్పటికీ 40 మిల్లీమీటర్లు కావాలి. ఉన్నవి ఇరవై. సగం మలుపులోనే చక్రం దిండు మీద కూర్చుంటుంది. అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాట్ రోడ్డులో ఒక మలుపు ఊహించుకోండి. వాన నీరు కోసేసిన చోట వేసిన తారు అతుకు ఒకటి, సరిగ్గా మలుపు మధ్యలో. కంపెనీ స్ప్రింగు మీదున్న బండి ఆ అతుకుని అర్ధాంగుళం మింగి ముందుకి పోతుంది. దించిన బండికి మింగడానికి చోటే లేదు. దిండు అప్పటికే నొక్కుకుని రాయిలా ఉంది. ముందు బయటి టైరు మీద బరువు ఒక్కసారి ఎగదన్ని, మరుక్షణం జారిపోతుంది. స్టీరింగు తిప్పే ఉంటుంది, ముక్కు మాత్రం అవతలి పక్కకి, లోయ వైపుకి సాగుతుంది. ఒరగని బండి పట్టు ఉన్న బండి అని నమ్మినవాడు అక్కడ బ్రేకు మీద కాలు వేస్తాడు.

టైరు గుణం ఒకటి దీన్ని ఇంకా పాడుచేస్తుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకన్నా తక్కువే పెరుగుతుంది. అందుకే బరువు నిలకడగా ఉన్న టైరు, సగటున అంతే బరువు మోస్తూ ఎగిరెగిరి పడే టైరు కన్నా ఎప్పుడూ ఎక్కువ పట్టు ఇస్తుంది. సస్పెన్షన్ గురించి ఏ నిర్ణయం తీసుకున్నా ఈ కొలత మీదే చూడాలి: ఇది టైరుని నేల మీద నిలకడగా ఉంచుతుందా, లేదా?

మెక్‌ఫెర్సన్ అమరికలో ఇంకో చిక్కు ఉంది. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను కాబట్టి మీ చెయ్యే అరువిస్తే బాగుంటుంది. కుడి చెయ్యి పక్కకి చాచి, అరచెయ్యి భుజం కన్నా కాస్త కిందుగా ఉంచండి. ఇప్పుడు నెమ్మదిగా పైకెత్తండి. భుజం ఎత్తుకి వచ్చేదాకా అరచెయ్యి ఒంటికి దూరం జరుగుతుంది. అది దాటాక దగ్గరికి రావడం మొదలుపెడుతుంది. ముందు చక్రం అడుగుని పట్టుకునే కింది ఆర్మ్ సరిగ్గా ఇలాగే తిరుగుతుంది. కంపెనీ ఎత్తులో అది కొంచెం కిందికి వాలి ఉంటుంది కనక, బండి ఒరిగినప్పుడు చక్రం అడుగుని బయటికి నెట్టి, టైరు నేలకి సమంగా ఆనడానికి సాయపడుతుంది. బండిని దించితే ఆ ఆర్మ్ ముందే అడ్డంగానో, ఇంకా పైకో వచ్చేస్తుంది. అక్కడి నుంచి అది చక్రం అడుగుని లోపలికి లాగుతుంది. అంతేకాదు, బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు భారకేంద్రం కన్నా వేగంగా కిందికి పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగి ఒరగడానికి బారెడు మీట దొరికినట్టవుతుంది. ఒరగడం తగ్గించాలని దించితే, ఒరిగే గుణం పెరిగిందన్నమాట! గట్టి స్ప్రింగు దాన్ని కప్పిపుచ్చుతుంది, అంతే.

ఇక షాకబ్జార్బర్లు. పేరులో షాకు ఉంది గానీ గతుకుని మింగేది స్ప్రింగు. షాకబ్జార్బరు పని ఆ స్ప్రింగు ఊగులాటని ఆపడం. నూనెలో పిస్టన్‌ని సన్నటి రంధ్రాల గుండా నడిపించి, ఊపుని వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది. స్ప్రింగునీ దీన్నీ కంపెనీవాళ్లు జతగా కుదురుస్తారు. ఒక్క స్ప్రింగునే 30 శాతం గట్టిపరిస్తే బండి ఊగే వేగం 14 శాతం పెరుగుతుంది, దాన్ని ఆపే శక్తి నిష్పత్తిలో 12 శాతం తగ్గుతుంది. ఇది వర్గమూలం లెక్క. పైగా పోలోలో ఉన్నవి ఎనిమిదేళ్లో పదేళ్లో పనిచేసిన షాకబ్జార్బర్లు. ఇవి ఒక్కరోజులో చావవు. రోజుకింత బలం కోల్పోతుంటే నడిపేవాడు కూడా రోజుకింత అలవాటు పడిపోతాడు. బానెట్ నొక్కి వదిలి, రెండుసార్లు ఊగితే పోయిందని చెప్పే పాత పరీక్ష పూర్తిగా చచ్చినవాటినే పట్టిస్తుంది. స్ట్రట్ మీది రబ్బరు తొడుగు చిరిగిందా, దాని కింద మట్టి తడిగా, జిడ్డుగా అంటుకుని ఉందా అని టార్చిలైటు వేసి చూడటం మేలు. అంత అలిసిపోయిన షాకబ్జార్బరు మీద గట్టి, పొట్టి స్ప్రింగు ఎక్కించడం మోకాళ్ల నొప్పులున్న మనిషి నెత్తిన ఇంకో బస్తా పెట్టడమే.

మంచి షాకబ్జార్బరుకి డబ్బెందుకు పెట్టాలంటే, అది నెమ్మది కదలికనీ వేగమైన కదలికనీ వేరుచేసి చూడగలదు కాబట్టి. ఇక్కడ వేగం అంటే కారు వేగం కాదు, పిస్టన్ వేగం. మలుపులో ఒరిగేటప్పుడు, బ్రేకు వేస్తే ముక్కు వంగేటప్పుడు పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది. గుంతలో చక్రం పడ్డప్పుడు దెబ్బలా కదులుతుంది. నెమ్మది కదలికని గట్టిగా పట్టుకుని, దెబ్బని మెత్తగా పోనివ్వాలి. బండి ఒరగడం నెమ్మదిగా, హద్దులో జరుగుతుంది; గుంత మాత్రం వెన్నెముకకి చేరదు. ఫ్రాన్సు ఇంజనీరు బూర్సియే ద కార్బన్ రూపొందించిన గ్యాస్ నింపిన ఒంటిగొట్టం షాకబ్జార్బరుని జర్మనీలో బిల్‌స్టైన్ 1957లో మెర్సిడెస్ కార్లకి ఎక్కించింది. అలాంటి వాటిలో నూనె నురగ కట్టదు, వేడెక్కినా పట్టు సడలదు. ఒక మెలకువ: ఇదే బిల్‌స్టైన్ బీ6 పేరుతో అమ్మేది కంపెనీ ఎత్తుకి, బీ8 దించిన బండికి పొట్టిగా చేసింది. కంపెనీ స్ప్రింగుతో బీ6 జత మన రోడ్లకి నాకు తోచిన అన్నిటికన్నా తెలివైన బేరం.

మెత్తటి స్ప్రింగు, గట్టి అదుపు అనేది కొత్త ఆలోచన కాదు. 1962లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ ఎలాన్ మలుపుల్లో దాని కాలానికి గీటురాయి. దాని స్ప్రింగులు మెత్తవి, చక్రానికి కదిలే చోటు ధారాళం, షాకబ్జార్బర్లు చక్కగా కుదిరినవి. చాప్‌మన్ రేసుల మనిషి. మెత్తదనం ఆయనకి చేతగానితనం కాదు.

రేసు కార్లు నేలకి రాసుకుంటూ, రాయిలా గట్టిగా ఉంటాయి కదా, అంటారు. ఉంటాయి. 1970ల చివర ఫార్ములా వన్‌లో లోటస్ 79 లాంటి కార్లు కింది గాలిని పీల్చి నేలకి అతుక్కునేవి. ఆ పీలుపు నిలవాలంటే కారు ఎత్తు చెదరకూడదు, అందుకని స్ప్రింగుల్ని దాదాపు కదలనివ్వనంత గట్టిగా చేశారు. డ్రైవర్ల ఒళ్లు హూనమయ్యేది. 1983కి అడుగు చదునుగా ఉండాలని నిబంధన వచ్చింది. అంటే ఆ గట్టిదనం గాలి కోసం వచ్చింది, టైరు కోసం కాదు. పోలోని నేలకి అదిమే గాలి ఏదీ లేదు. రేసుల్లోంచే దగ్గరి చుట్టాన్ని వెతకాలంటే ర్యాలీ కారుని చూడాలి. మట్టి రోడ్డు మీద పందెం గెలవాలనుకున్నవాళ్లు ఎత్తు పెంచుకుంటారు, చక్రానికి కదిలే చోటు పెంచుకుంటారు, షాకబ్జార్బర్ల మీద మంచినీళ్లలా డబ్బు పోస్తారు. మన రోడ్లకి ఎవరు బంధువులో మీరే చెప్పండి.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది: గట్టి బండి స్టీరింగు తిప్పిన వెంటనే పలుకుతుంది, ధైర్యంగా ఉంటుంది. ఇందులో నిజముంది, కొట్టిపారేయకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 120లో లేను మారినప్పుడు బండి ఊగక వెంటనే కుదురుకోవడం సుఖమే, భద్రత కూడా. అయితే ఆ మొదటి క్షణపు పలుకు షాకబ్జార్బరు నెమ్మది కదలికని పట్టుకోవడం వల్లా, టైరు పక్కగోడ వల్లా, బుష్షుల ఆరోగ్యం వల్లా వస్తుంది. స్ప్రింగు ఆ తర్వాత, బండి ఒరిగి నిలిచాక లెక్కలోకి వస్తుంది. ఒరగడమే బాధ అయితే దాన్ని అడ్డుకునే కడ్డీ, యాంటీ రోల్ బార్ ఉంది. దాని గట్టిదనం మందం నాలుగో ఘాతంలో పెరుగుతుంది; 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 22 వేస్తే 46 శాతం ఎక్కువ. ఎత్తు పోదు. ముందు చక్రాలు నడిపే బండికి వెనక వేస్తే ముక్కు బయటికి సాగే జబ్బు కూడా తగ్గుతుంది. వాన రోడ్డు మీద అతిగా పోతే వెనక భాగం తిరిగిపోతుంది కాబట్టి ఒక్క మెట్టుతో ఆగాలి.

ఎత్తూ, గట్టిదనమూ రెండూ మార్చుకునే కాయిలోవర్లు వేస్తే గొడవే లేదు కదా అనేవాళ్లున్నారు. ఖరీదైనవాటిలో మంచివి ఉన్నాయి. చౌకవాటిలో మాత్రం తిప్పే మీటకి ముప్ఫై రెండు నొక్కులుంటే, తేడా తెలిసేవి ఐదారే. పైగా స్ప్రింగు కూర్చునే పళ్లేన్ని దించి ఎత్తు తగ్గిస్తే షాకబ్జార్బరు లోపలి చోటు కూడా కరిగిపోతుంది. కింది బ్రాకెట్టు దగ్గర మార్చే వీలున్నదైతే అది నిలుస్తుంది. ఈ సంగతి ఒక్కటి అడిగితే అమ్మేవాడి పరిజ్ఞానం తెలిసిపోతుంది. రెండు వానాకాలాల బురద తిన్నాక మరల పళ్లు బిగుసుకుపోతే ఇక మార్చుకునేదేమీ ఉండదు.

అందం కోసం దించుతామంటే దించుకోండి, అందమూ ఒక కారణమే. దాన్ని పనితనం అనకండి, అంతే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. మన కాలనీల్లో రాత్రికి రాత్రి మొలిచేవాటికి ఆ లెక్క తెలియదు. పోలో కింద సందు సుమారు 165 మిల్లీమీటర్లు. అందులో 35 తీసేసి, నలుగురిని ఎక్కించి, అలాంటి గట్టు మీదికి ఎక్కిస్తే కింద గీరుకునే చప్పుడుకి పనితనం అనే పేరు నప్పదు.

డబ్బు మొదట పోవలసిన చోటు టైరు. పాతబడి గట్టిపడ్డ టైరు మీద ఎంత గొప్ప షాకబ్జార్బరైనా వృథా. చక్రం పెద్దదైతే పట్టు ఎక్కువన్నది ఇంకో భ్రమ. 185/60 ఆర్15 టైరు పక్కగోడ 111 మిల్లీమీటర్లు. దాని బదులు 215/40 ఆర్17 వేస్తే చుట్టుకొలత మారదు, పక్కగోడ మాత్రం 86కి పడిపోతుంది. ఒక అంగుళం రబ్బరు పోయింది. గుంత దెబ్బని మొదట తినే స్ప్రింగు అదే. పెద్ద రిమ్ము మామూలుగా బరువు కూడా ఎక్కువ, ఆ బరువుని షాకబ్జార్బరే అదుపు చేయాలి. రిమ్ము కొలత మార్చకుండా మంచి రబ్బరు కొంటే చాలు. దాని వెంటే కింది ఆర్మ్ బుష్షులు, లింకు రాడ్లు, స్ట్రట్ పై మౌంటులు. పగిలిన బుష్షున్న బండికి చేసిన అలైన్‌మెంటు మొదటి బ్రేకుకే చెదిరిపోతుంది; టైరు లోపలి అంచు నున్నగా అరిగితే అనుమానించవలసింది ఇక్కడే.

ఇవన్నీ అయ్యాక కూడా స్ప్రింగులు కావాలనిపిస్తే ఎత్తు 15, 20 మిల్లీమీటర్లకి మించి పోని జతని, ముందూ వెనకా కలిపి, ఒకే తయారీదారు దగ్గర తీసుకోవాలి. ఎందుకంటే జనరల్ మోటార్స్‌లో 1930లలో మోరిస్ ఓలీ అనే ఇంజనీరు బరువులు అటూ ఇటూ మార్చే ప్రయోగాల కారు మీద తేల్చిన సంగతి ఒకటుంది: వెనక భాగం ముందు భాగం కన్నా కాస్త త్వరగా ఊగాలి. 80 కిలోమీటర్ల వేగంలో పోలో ముందు చక్రం ఎక్కిన గతుకుని వెనక చక్రం సెకనులో తొమ్మిదో వంతు ఆలస్యంగా ఎక్కుతుంది. వెనకది త్వరగా ఊగితే ఆ ఆలస్యాన్ని పూడ్చుకుని రెండూ కలిసి లేచి కలిసి దిగుతాయి. ముందు స్ప్రింగుల్నే గట్టిపరిచిన బండి ఏతంలా తలాడిస్తుంది. ఉన్న స్ప్రింగునే ఒక చుట్టు కోసెయ్యమనే సలహా కూడా వినిపిస్తుంటుంది. ఆరు చుట్లు పనిచేసేదాంట్లో ఒకటి పోతే 20 శాతం గట్టిపడుతుంది, నిజమే. కానీ చక్రం వేలాడినప్పుడు అది పళ్లెంలో నిలవదు.

చట్టం మాట క్లుప్తంగా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టులోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడాగా మారేలా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణ తర్వాత అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. కంపెనీ కొలతకే వచ్చే షాకబ్జార్బరుకీ, బండి ఎత్తు మార్చే సామానుకీ తేడా ఇక్కడా కనిపిస్తుంది. బీమా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పి ఉంచడం మంచిది.

ఏది ఎంచుకున్నా బిగించే రోజు ఒక్క పని దగ్గరుండి చేయించుకోండి. కింది ఆర్మ్ బుష్షు రబ్బరు, బోల్టు బిగించిన భంగిమలోనే అతుక్కుపోతుంది. బండి లిఫ్టు మీద, చక్రాలు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలితిరిగి, నిలబడి ఉన్నంతసేపూ అలాగే మెలికలో ఉంటుంది. ఏడాది తిరగకుండా చిరుగుతుంది. అందుకని బోల్టుల్ని వదులుగా ఉంచి, చక్రాల కింద దిమ్మెలు పెట్టి, బండి బరువంతా దిగాక అప్పుడు టార్క్ రెంచితో బిగించమనండి. పావుగంట పని. అలైన్‌మెంటు దాని తర్వాతే.